రెండో భాగంలో కాపలావాళ్ళు

రాత్రి పదకొండున్నర. మూడో చెరువులో
ఏరేటర్లు నీళ్ళని చిలుకుతున్నాయి.
మేత బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని
పదిహేడేళ్ళ కిందటి ఆట మళ్ళీ మొదలెట్టాను.
మూత ఒక పక్క విరిగితే వలదారంతో కట్టాను.
దాని ఫ్యాను రొద ఈ రొదలో కలిసిపోతుంది.

మొదటి భాగం పాలకొల్లులో పరిచయం.
బస్టాండు వెనక మేడ మీద, గంటకి పదిహేను.
ఏసుపాదమూ నేనూ ఒకే కుర్చీలో చెరో సగం.
కోటలోకి దూరాలి, కాగితాల కట్ట తేవాలి,
కథంటే అంతే.
అందులో కాపలావాళ్ళు గానుగెద్దులు.
పన్నెండడుగులు ఇటు, పన్నెండడుగులు అటు.
పక్కవాడు కూలిపోయినా దాటుకుంటూ పోయేవారు.
మేం పగలబడి నవ్వేవాళ్ళం.
మా దొంగ మాత్రం తక్కువవాడా,
వంగితే గోడలో ఇరుక్కునేవాడు.
ఒక్క తప్పుకి మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి,
మళ్ళీ పదిహేను రూపాయలు.

రెండో భాగం వచ్చిన వారమే
ఏసుపాదం తీర్పు చెప్పేశాడు: "పాడు చేశార్రా దీన్ని."
దీపం ఆర్పితే ఎవరార్పారని ఆగుతారు.
తడికాళ్ళతో నడిస్తే గచ్చు మీది ముద్రల వెంట
మూల మూలకీ వస్తారు.
నాకూ కోపమే వచ్చింది.
ఓడిపోయేవాడి కంటికి మెరుగులేం కనపడతాయి?

ఇప్పుడు కనపడుతున్నాయి.
గోడ అంచున తల ఒక్కటే వంచి చూడొచ్చు.
ఎక్కడ ఆపితే అక్కణ్ణించే మొదలు.
వాన పడుతుంటే అడుగుల చప్పుడు వాళ్ళకి వినపడదు.
ఇది రాసినవాడెవడో
రేకుల షెడ్డు కింద ఒక్క ముసురైనా గడిపి ఉంటాడు.

ఇంకొకటి.
అప్పట్లో హెడ్‌ఫోన్‌కి ఒక చెవే పనిచేసేది,
ఆ చెవి ఏసుపాదానిది.
కాపలావాళ్ళు మాట్లాడుకుంటారని ఈ రాత్రే తెలిసింది.
నా ఇంగ్లీషుకి అందినంత మటుకు,
ఒకడికి బూటు కరుస్తోంది.
రెండోవాడు జీతం ఎప్పుడిస్తారని అడిగాడు.
మొదటివాడు వాన గురించి ఏదో అన్నాడు.
నేను బీరువా వెనక, చేతిలో దుడ్డుకర్ర.
కొట్టబుద్ధి కాలేదు.

ఏసుపాదం ఇప్పుడు నర్సాపురం రేవులో
పంటు మీద టిక్కెట్లు కోస్తాడు.
మెసేజ్ పెట్టాను: మెరుగ్గానే ఉందిరా, మనకే తెలియలేదు.
పడుకోలేదు వాడు కూడా.
"మొదటిదే గొప్పది. పడుకో."

పడుకోవడానికి కాదుగా రాజుగారు జీతమిచ్చేది.
పన్నెండున్నర రౌండుకి టార్చి తీశాను.
గట్టు చివరిదాకా నాలుగువందల పది అడుగులు,
తూము దగ్గర ఆగడం, ఓసారి దగ్గడం, వెనక్కి తిరగడం.
నాలుగేళ్ళుగా ఇదే వరస.
మూడు రాత్రులు ఓపిగ్గా చూస్తే చాలు ఎవడికైనా.
నేను మొదటి భాగం వాణ్ణి!
సిగ్గేసింది, నిజం చెప్పొద్దూ.

అందుకని ఇవాళ ఎదురు తిరుగుడు.
తూము వైపు నుంచి, టార్చి ఆర్పేసి,
మెత్తటి మట్టి మీద చెప్పులు చేత పట్టుకుని.
ఐదో చెరువు మలుపులో సిమెంటు దిమ్మ మీద
తడి ముద్రలు.
నా అరచేయంత పాదం. బొటనవేలు పక్కకి.
ఆరడుగులు వేసి, తుంగలో ఆగిపోయాయి.

తుంగ కదల్లేదు.
గాలికి కూడా కదలనంత ఇదిగా కదల్లేదు.
విసురువల అంచున ఒక సీసపు గుండు
బయటికి మెరుస్తోంది, దాచడం తెలీదు పాపం.
టార్చి మీటకి నా వేలు ఆనింది.

ఎక్కణ్ణించొచ్చిందో మాట, నోరే అనేసింది,
కాస్త గట్టిగానే:
"ఏదీ లేదులే. నీటికుక్కై ఉంటుంది."

తిరిగి నడిచాను. లెక్క తప్పిపోయింది.
రెండొందల చిల్లర దగ్గర
వెనక బుడుంగుమని ఒక చప్పుడు.

షెడ్డులో ఆట ఆపడం మరిచి వచ్చాను.
దొంగ బీరువా వెనకే ఉన్నాడు,
బూటు కరిచేవాడు కుర్చీలో కునుకు తీస్తున్నాడు.
పొద్దున్న వల గుర్తు బయటపడితే
రాజుగారికి ఏం చెప్పాలో
ఇంకా అనుకోలేదు.